‘సాహసికుడు’: వ్యుత్పత్తి, అర్థపరిణామం

1. ఉపోద్ఘాతం

ప్రాణాపాయాన్ని లెక్కచేయక అసాధారణకార్యానికి పూనుకొనేవారిని తెలుగులో ‘సాహసి’, ‘సాహసికుడు’ అంటారు. నేడు ఇవి ప్రశంసావాచకాలు. ప్రాచీన వ్యాకరణ, ధర్మశాస్త్ర గ్రంథాలలో మాత్రం సాహసికుడు దోషి. ఈ నిందావాచకం ప్రశంసావాచకంగా మారిన క్రమాన్ని, ప్రాచీన గ్రంథపఠనంపై ఆ మార్పు ప్రభావాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. వ్యుత్పత్తి

‘సాహసం’ అనే పదానికి మూలం ‘సహస్’ శబ్దం. దాని అర్థం బలం, ప్రత్యేకించి ఎదుటివారిని లొంగదీసే బలం. ఋగ్వేదం అగ్నిని సహస్సు కుమారుడిగా స్తుతిస్తుంది. ఈ శబ్దానికి ఆధారమైన ‘సహ్’ ధాతువుకు జయించడం, ఓర్చుకోవడం అనే రెండర్థాలూ ఉన్నాయి. అందుకే పరస్పరభిన్నాలుగా తోచే సహనం, సాహసం ఒకే ధాతువు నుండి వచ్చాయి.

సహస్సుతో వర్తించేవాడు సాహసికుడని పాణిని సూత్రం (4.4.27) వల్ల సిద్ధిస్తుంది. ఈ సూత్రానికి కాశికావృత్తి ఇచ్చిన ఉదాహరణలు గమనార్హం. ఓజస్సుతో వర్తించే ఔజసికుడికి శూరుణ్ణి, సాహసికుడికి చోరుణ్ణి ఉదాహరించింది. అంటే కాశికాకారుల దృష్టిలో శౌర్యానికి చెందిన బలం ఓజస్సే. సాహసికుడి బలం పరుల సొమ్మును హరించే బలం.

3. ధర్మశాస్త్రార్థం

మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయంలోని పద్దెనిమిది వివాదపదాలలో సాహసం ఒకటి. యజమాని సమక్షంలో బలాత్కారంగా చేసే అపహరణ సాహసం, పరోక్షంలో చేసేది చౌర్యం. దొంగకంటె సాహసికుడే ఎక్కువ పాపి అని ఆ స్మృతి నిర్ణయం. కౌటిల్యుడి అర్థశాస్త్రం కూడా సాహసాన్ని బలాత్కారచర్యగానే నిర్వచించింది.

నేరం పేరు క్రమంగా దండనకూ పేరైంది. మనువు ప్రథమ, మధ్యమ, ఉత్తమ సాహసాలను వరుసగా 250, 500, 1000 పణాలుగా విధించాడు. యాజ్ఞవల్క్యస్మృతిలో ఉత్తమసాహసం 1080 పణాలు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరా వ్యాఖ్య 13వ శతాబ్దిలో కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ ద్వారా తెలుగు పద్యంలోకి వచ్చింది. ఈ సంప్రదాయానికి చెందిన గ్రంథాలలో ‘ఉత్తమసాహసం’ అన్న మాటను నేటి వాడుకను బట్టి గొప్ప వీరకృత్యంగా గ్రహిస్తే అర్థం తలకిందులవుతుంది. అది అత్యధిక జరిమానా.

4. ప్రశంసార్థం

మరోవైపు కథాసాహిత్యంలో ఈ పదానికి గౌరవం దక్కింది. విక్రమాదిత్యుడికి ‘సాహసాంకుడు’ అనే బిరుదు ప్రసిద్ధం. పరమార రాజు సింధురాజు తాను ‘నవసాహసాంకుడ’నిపించుకున్నాడు, పద్మగుప్తుడి కావ్యానికి ఆ బిరుదే పేరైంది. విక్రమార్కుడి కథలను కొరవి గోపరాజు ‘సింహాసన ద్వాత్రింశిక’గా తెలుగు చేశాడు. ఈ కథాసంప్రదాయంలో నాయకుడు పరులకోసం తన శిరస్సునైనా అర్పించడానికి సిద్ధపడతాడు.

అర్థపరిణామానికి కీలకం ఇక్కడే ఉంది. లెక్కచేయకపోవడం అనే గుణం రెండు అర్థాలలోనూ సమానం. ధర్మశాస్త్రంలోని సాహసికుడు పరుల హక్కును లెక్కచేయడు. కథలోని సాహసికుడు తన ప్రాణాన్ని లెక్కచేయడు. నష్టపోయేది ఎవరన్నదాన్ని బట్టి నింద ప్రశంసగా మారింది.

5. తెలుగు పదాలతో పోలిక

అచ్చతెలుగులోనూ ఇటువంటి ద్వైధం ఉంది. ‘తెగు’ నుండి ‘తెగువ’, ‘తెంపు’ నుండి ‘తెంపరి’ ఏర్పడ్డాయి. రెండింటికీ మూలం తెగడమనే భావమే. అయినా తెగువను మెచ్చుకుంటారు, తెంపరితనాన్ని మందలిస్తారు. ‘తెగించినవాడికి తెడ్డే లింగం’ అన్న సామెతలో ఆ మందలింపే వినిపిస్తుంది. ‘సాహసం’ ప్రశంసార్థంలో స్థిరపడ్డాక, పాత నిందను మోయడానికి ‘దుస్సాహసం’ అవసరమైంది.

స్త్రీల విషయంలో ఈ మార్పు మరింత స్పష్టం. చాణక్యనీతిగా ప్రచారంలో ఉన్న శ్లోకాలలో ఒకటి సాహసాన్ని స్త్రీల సహజదోషాలలో చేర్చింది. 2014లో 13 ఏళ్ల వయసులో ఎవరెస్టు అధిరోహించిన తెలంగాణ బాలిక మాలావత్ పూర్ణను కీర్తించడానికి నేడు తగిన మాట అదే సాహసం.

6. ముగింపు

‘సాహసికుడు’ అనే పదం బలాత్కారం చేసేవాడి నుండి ప్రాణాలకు తెగించేవాడి వరకు ప్రయాణించింది. పాత అర్థం పూర్తిగా తొలగిపోలేదు. ‘దుస్సాహసం’లో నిలిచి ఉంది. కాబట్టి ప్రాచీన గ్రంథాలలో ఈ పదం కనిపించినప్పుడు, ఆ బలం ఎవరిపై ప్రయోగింపబడిందో గుర్తించిన తరువాతే అర్థనిర్ణయం చేయడం సముచితం.