ఐలాండ్ మీది దీపం: కొలత గట్టు నుంచా, కంటి నుంచా?

వంటగది ఐలాండ్ మీద పెండెంట్ లైట్లు ఎన్ని ఉండాలి, ఒకదానికొకటి ఎంత ఎడంగా ఉండాలి అన్నది తేలికగా తేలే లెక్క. ఐలాండ్ పొడవును దీపాల సంఖ్యతో భాగించి, ఒక్కో భాగానికి సరిగ్గా నడుమ ఒక్కో దీపం వేలాడదీస్తే చాలు. 6 అడుగుల ఐలాండ్‌కు రెండు దీపాలైతే ఒక్కొక్కటి కొస నుంచి 18 అంగుళాల లోపలికి వస్తుంది. రెంటి నడుమ 36 అంగుళాలు ఉంటుంది. 8 అడుగులకు మూడైతే ఎడం 32 అంగుళాలు. వెడల్పులో మాత్రం మధ్యగీత మీదే ఉండాలి. అలా ఉంటే వెలుగు మనిషికి ఎదుటి నుంచి వస్తుంది. సీలింగ్‌లో బిగించిన దీపం వెనక నుంచి కొట్టి తల నీడను తరిగే పలక మీద వేస్తుంది. ఆ పలక మీద నీడ పడకూడదని ఈ శీర్షిక ఎన్నోసార్లు మొత్తుకుంది, ఇక ముందూ మొత్తుకుంటుంది.

ఎత్తు విషయంలోనూ ఒక సూత్రం చలామణిలో ఉంది. గట్టు నుంచి షేడ్ కింది అంచు వరకు 30 నుంచి 36 అంగుళాలు. చాలా ఇళ్లలో ఐలాండ్ ఉండే అమెరికా నుంచి వచ్చిన కొలత ఇది. డాలస్‌లోని తెలుగువారి ఇంట్లోనూ, హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీ ఫ్లాట్‌లోనూ ఇప్పుడు ఇదే పాటిస్తున్నారు. ఈ ఆరంగుళాల తేడా చిన్నదేమీ కాదు. దూరం పెరిగేకొద్దీ వెలుగు దాని వర్గానికి విలోమంగా తగ్గుతుంది కాబట్టి, బల్బును 30 అంగుళాల నుంచి 36కు జరిపితే గట్టు మీద దాదాపు 30 శాతం వెలుగు పోతుంది.

ఈ వారం చూసిన ఒక మోడల్ ఫ్లాట్‌లో ఈ లెక్కలన్నీ తు.చ. తప్పకుండా పాటించారు. మూడు గాజు గోళాలు వరసగా, అంగుళం అటూఇటూ కాకుండా వేలాడుతున్నాయి. ఎత్తు కుర్చీలో కూర్చున్నవారు మాత్రం రెండు నిమిషాల్లో చూపు తిప్పుకోవాల్సి వచ్చింది. గట్టు 34 అంగుళాలు, దాని మీద 30 కలిపితే షేడ్ అంచు నేలకు 64 అంగుళాల్లో ఉంటుంది. 5 అడుగుల 2 అంగుళాల మనిషి నిలబడితే కన్ను సుమారు 58 అంగుళాల దగ్గర ఉంటుంది. కూర్చుంటే ఇంకా కిందికి, పిల్లలకైతే మరీ కిందికి. అంటే వీళ్లందరికీ షేడ్ అడుగుభాగమే కనిపిస్తుంది. అందులో బల్బు బోసిగా ఉంటే అది నేరుగా కళ్లలో కొడుతుంది. ఆరడుగుల మనిషికి ఈ బాధ తక్కువ. అతనికి షేడ్ అంచు కంటికి కాస్త దిగువనే ఉంటుంది.

గట్టు వైపు నుంచి కాకుండా కంటి వైపు నుంచి ఆలోచించిన వ్యక్తి డెన్మార్క్ వాస్తుశిల్పి పౌల్ హెన్నింగ్సెన్ (1894–1967). ఆయన చిన్నతనంలో ఇంట్లో వెలిగింది కిరోసిన్ దీపం. కరెంటు బల్బు వచ్చాక వెలుగు పెరిగింది గానీ కళ్లకు సుఖం పోయిందని ఆయనకు అనిపించింది. 1920లలో ఒకదాని కింద ఒకటిగా మూడు షేడ్లు అమర్చి, వాటి వంపులను లాగరిథమిక్ సర్పిలం ఆధారంగా లెక్కగట్టాడు. బల్బు ఎటునుంచీ కనబడదు, షేడ్ల మీద పడి మెత్తబడిన వెలుగు మాత్రం బల్ల మీదికి దిగుతుంది. 1925 పారిస్ ప్రదర్శనలో ఆయన దీపానికి స్వర్ణ పతకం వచ్చింది. తర్వాత బల్బు కంపెనీలు ఆకారాలను ఇష్టం వచ్చినట్టు మారుస్తుంటే, ఏ బల్బు పెట్టినా మిరుమిట్లు గొలపని దీపాన్ని 1958లో గీశాడు. అదే పీహెచ్ 5. పై షేడ్ 50 సెంటీమీటర్ల వెడల్పు కావడంతో ఆ పేరు. వెలుగు రంగు సరిదిద్దడానికి లోపల ఎరుపు, నీలం రంగు ముక్కలు కూడా పెట్టాడు. భోజనాల బల్లకు 60 సెంటీమీటర్ల ఎత్తులోనే, అంటే రెండడుగుల్లోనే వేలాడదీసినా చుట్టూ కూర్చున్నవారి కళ్లకు అది అడ్డం రాదు. ఇంత శ్రద్ధతో గీసిన దీపాలు లోకంలో కొన్నే ఉన్నాయి.

ఐలాండ్‌కు అంత ఖరీదైన దీపమే కావాలని లేదు. అపారదర్శకమైన షేడ్, అంచు కంటే 4–5 అంగుళాల లోపలికి దాగిన బల్బు ఉంటే, 10 అంగుళాల వెడల్పు షేడ్‌లో ఆ బల్బు గట్టు దగ్గర నిలబడినవారికీ కూర్చున్నవారికీ దాదాపు కనబడదు. గాజు గోళమే ముచ్చటగా ఉందనుకుంటే పాలగాజుదీ, తక్కువ వెలుగు బల్బూ తీసుకోవాలి. దానికి డిమ్మర్ ఉండాలి. తరగడానికి కావాల్సిన వెలుగు వేరే దీపం ఇవ్వాలి.

ఇక కరెంటు పాయింటు సంగతి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో స్లాబ్ పోసేటప్పుడే కరెంటు పైపులు వేసేస్తారు. ఐలాండ్ ఆలోచన చాలాసార్లు ఆ తర్వాత వస్తుంది. ఫాల్స్ సీలింగ్ ఉంటే వైరును పక్కకు లాగవచ్చు. బరువైన దీపాన్ని మాత్రం జిప్సమ్ బోర్డుకు తగిలించకూడదు, స్లాబ్‌కే బిగించాలి. ఫ్యాను గాలి తగిలే చోట సన్నటి తీగకు బదులు గట్టి కడ్డీ మేలు, లేకపోతే నీడలు ఊగుతూనే ఉంటాయి.

తీగ పొడవును కాగితం మీద ముందే ఖాయం చేయడం వృథా. ఎలక్ట్రీషియన్ తీగను బారుగా వదిలి, గట్టు, కుర్చీలు వచ్చాక ఇంట్లో అందరికన్నా పొట్టివారిని నిలబెట్టి, కూర్చోబెట్టి చూశాకే కత్తిరించాలి. అప్పుడు 30 రావచ్చు, 27 రావచ్చు. వరసగా మూడనుకున్న చోట లోతైన షేడ్ ఒక్కటే సరిపోవచ్చు.

పొయ్యి ఐలాండ్ మీదే ఉంటే ఈ దీపాలు అసలు వద్దు. పోపు ఆవిరితో నూనెజిడ్డు నెల తిరక్కుండా షేడ్‌కు పట్టేస్తుంది. అక్కడ చిమ్నీ ఎలాగూ ఉంటుంది, దానికి బిగించిన దీపాలే వంటకు చాలు.