స్పీకర్ చిరిగిందనుకున్నా

మొదటిసారి విన్నప్పుడు లేచి వెళ్లి స్పీకర్ వెనక వైరు కదిపి చూశాను. అటు తిప్పాను, ఇటు తిప్పాను. గరగర పోలేదు. ఇంకో పాట పెడితే శుభ్రంగా వినిపించింది. అంటే రికార్డే అలా ఉంది.

ఆ రికార్డు ‘ఎమర్జెన్సీ!’. 1969 మేలో న్యూయార్క్‌లో రికార్డయిన డబుల్ ఎల్పీ. బ్యాండు పేరు టోనీ విలియమ్స్ లైఫ్‌టైమ్. ఉన్నది ముగ్గురే: డ్రమ్స్ టోనీ, ఆర్గాన్ లారీ యంగ్, ఎలక్ట్రిక్ గిటార్ జాన్ మెక్లాఫ్లిన్. పదిహేడేళ్లకే జాజ్ ట్రంపెటర్ మైల్స్ డేవిస్ బృందంలో చేరిన టోనీకి అప్పటికి 23. నాయకుడూ అతనే. బాస్ వాయించేవాడు లేడు. ఆ పని లారీ యంగ్ పాదాలు చూసుకుంటాయి, ఆర్గాన్ కింది పెడళ్ల మీద. పైన గిటార్ అరుస్తుంటే ఆ పాదాల చప్పుడు ఎక్కడో అడుగున గొణుగుతూ ఉంటుంది. దాన్ని పట్టుకోడానికి నాకు వారం పట్టింది.

చెవులు నొప్పెట్టి ఒకరోజు ట్రెబుల్ తగ్గించాను. గిటార్ బుద్ధిగా తయారైంది. కానీ దాంతోపాటే టోనీ సింబల్ కూడా మాయమైంది. ఆ సన్నటి టింగుటింగు లేకపోతే ముగ్గురూ మూడు గదుల్లో వాయిస్తున్నట్టుంది. ఇందులో కార్లా బ్లే కట్టిన ‘వాష్కర్’ బాణీ అయిదు నిమిషాలూ ఆ సింబల్ పట్టుకునే నడిచాను. ట్రెబుల్ మళ్లీ పెంచేశాను, గరగరతో సహా.

మధ్యమధ్య టోనీ గొంతు విప్పుతాడు. పాటా కాదు, మాటా కాదు. ఎన్నిసార్లు విన్నా నాకెక్కలేదు. అక్కడ టీ పెట్టుకోడానికి లేస్తాను.

మెక్లాఫ్లిన్ ఈ బ్యాండు కోసం ఇంగ్లండు నుంచి న్యూయార్క్‌లో దిగింది 1969 ఫిబ్రవరిలో. అదే నెల 28న మన పాలకొల్లులో మాండలిన్ శ్రీనివాస్ పుట్టాడు. తర్వాత ‘రిమెంబర్ శక్తి’ బృందంలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని వాయించారు. జంట తీగల మాండలిన్‌కు అయిదు ఒంటి తీగలు బిగించి, కరెంటు పెట్టి గమకాలు పలికించినవాడు శ్రీనివాస్. మొన్న ఆ బృందం కచేరీ రికార్డు ఒకటి పెట్టుకున్నాను. మెక్లాఫ్లిన్ గిటార్ వెన్నలా జారుతోంది. బాగుంది, చాలా బాగుంది. అయినా కాసేపటికి చెయ్యి స్పీకర్ వెనక వైరు దగ్గరికి పోయింది, ఆ గరగర ఏమైందా అని.