పై రేకు పోవాలి, కింది రేకు నిలవాలి

విశాఖలో గాజువాక ఆటోనగర్‌ టింకరింగ్ షెడ్ల వైపు వెళితే ముందు వినిపించేది సుత్తి చప్పుడు. చొట్ట తియ్యడం నలుగురికీ కనిపించే పని, మెచ్చుకునేవాళ్లూ ఉంటారు. నాకు మాత్రం ఆ షెడ్లలో అన్నిటికన్నా నేర్పుగల పనిగా తోచేది స్పాట్లు విప్పడం. నలిగిన క్వార్టర్ ప్యానల్‌నో, తుప్పు తిన్న రన్నింగ్ బోర్డునో మార్చాలంటే దాన్ని పట్టి ఉంచిన స్పాట్ వెల్డింగులను ఒక్కొక్కటే ఊడదియ్యాలి. పారేసేది పై రేకు. కింది రేకు కారుది, అది చెక్కుచెదరకూడదు. విస్తరాకు చిరగకుండా పుల్ల లాగినట్టు చెయ్యాల్సిన పని ఇది.

ఒక కారు బాడీలో స్పాట్లు కొన్ని వేలు ఉంటాయి. ఫ్యాక్టరీలో రెండు రేకులను రాగి మొనల మధ్య గట్టిగా బిగించి, ఎనిమిది పది వేల ఆంపియర్ల కరెంటును సెకనులో ఐదో వంతు సేపు పంపిస్తారు. రేకులు ఆనుకున్న చోట లోహం కరిగి బిళ్లలా గడ్డకడుతుంది. 1886లో ఎలిహు థామ్సన్ అనే అమెరికా ఇంజినీరు పేటెంటు తీసుకున్న రెసిస్టెన్స్ వెల్డింగ్ దీనికి మూలం. ఇప్పుడు పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో ఈ పని రోబోలు చేస్తున్నాయి. విప్పే రోబో మాత్రం ఏ షెడ్డులోనూ లేదు. 0.8 మిల్లీమీటర్ల రేకు మీద లోపలి బిళ్ల నాలుగు, నాలుగున్నర మిల్లీమీటర్లుంటుంది. రేకు పైన పడే గుంట ఐదారు. ఆ గుంట రంగు కింద, సీలర్ కింద దాగి ఉంటుంది కాబట్టి మేస్త్రీ ముందుగా చేతిలోకి తీసుకునేది డ్రిల్లు కాదు, వైరు బ్రష్షు.

ఉక్కునగరం కదా, ఈ రేకు కూడా మన ఊళ్లోనే తయారవుతుందనుకునేవాళ్లున్నారు. విశాఖ ఉక్కు కర్మాగారం తీసేది కడ్డీలు, వైర్ రాడ్లు, రౌండ్లు, యాంగిళ్లు, ఛానళ్లు. కారు రేకు అక్కడ చుట్టరు. ఈ ఊరి బలం వేరే చోట ఉంది. 1933లో తెరిచిన పోర్టు, 1941లో పునాది పడ్డ షిప్‌యార్డు, ఆ తర్వాత వచ్చిన ఉక్కు ప్లాంటు. వీటి చుట్టూ ఇనుము కోసి అతికే పనిలో చెయ్యి తిరిగినవాళ్లు ఎన్ని తరాలుగానో ఉన్నారు.

ఇక పనిముట్లు. కొత్తగా చేరిన కుర్రాడు మొదట పట్టుకునేది మామూలు ట్విస్ట్ బిట్టు. అక్కడే పని చెడుతుంది. 8 మిల్లీమీటర్ల బిట్టు మొన సాధారణంగా 118 డిగ్రీల కోణంలో ఉంటుంది. లెక్క కడితే బిట్టు అంచుల కన్నా మొన దాదాపు 2.4 మిల్లీమీటర్లు ముందుంటుంది. రేకు మందమేమో 0.8. పై రేకులో బెజ్జం పూర్తి వెడల్పుకు వచ్చేలోపే మొన కింది రేకును చీల్చుకుని అవతలికి వెళ్లిపోతుంది. చెయ్యి ఎంత నిదానమైనా ఈ లెక్క మారదు. తప్పు మనిషిది కాదు, మొనది.

దీనికి విరుగుడుగా వచ్చినవి రెండు. ఒకటి స్పాట్ కట్టర్. గుండ్రంగా పళ్లు, నడుమ స్ప్రింగు మీద ఆడే పిన్ను. సెంటర్ పంచ్‌తో గుర్తు కొట్టి పిన్ను ఆనిస్తే పళ్లు బిళ్ల చుట్టూ గుండ్రంగా కోస్తాయి. చౌక, ఏ డ్రిల్లుకైనా పడుతుంది. కాకపోతే బిళ్ల కింది రేకు మీదే మిగిలిపోతుంది, దాన్ని తర్వాత ఫ్లాప్ డిస్కుతో నున్నగా అరగదియ్యాలి. కాస్త వంగినా పళ్లు విరుగుతాయి. రెండోది మొన దాదాపు బల్లపరుపుగా ఉండే స్పాట్ బిట్టు, నడుమ చిన్న ముల్లు మాత్రం ఉంటుంది. అది పై రేకును బిళ్లతో సహా పొడి చేసుకుంటూ దిగుతుంది. సరిగ్గా ఆపితే కింది రేకు మీద మిగిలేది ఒక చుక్క, చుట్టూ మెరిసే వలయం. ఒక్కటే కొనగలిగితే నేను ఈ బిట్టే కొనమంటాను. కోబాల్ట్ కలిసినది, 8 మిల్లీమీటర్లది, పొట్టిది.

ఎక్కడ ఆపాలో తెలియడమే అసలు విద్య. బిట్టు బిళ్ల కన్నా వెడల్పు కాబట్టి దాని అంచులు రేకులు అతుక్కోని చోట తిరుగుతుంటాయి. పై రేకు అయిపోతుండగా ఆ అంచున వెంట్రుకంత నల్ల గీత గుండ్రంగా తేలుతుంది. మన ఊరి కార్లలోనైతే చాలాసార్లు అంతకు ముందే, రేకుల సందులో చేరిన తుప్పు ఎర్రటి పొడిగా బయటికొస్తుంది. అప్పటిదాకా చుట్టలు చుట్టలుగా వచ్చిన రజను తెగి ముక్కలవుతుంది. చప్పుడు కూడా మారుతుంది. ఆ క్షణంలో చెయ్యి వెనక్కి రావాలి. పక్కన నిలబడ్డ హెల్పరుతో మేస్త్రీ అనే మాట ఎప్పుడూ ఒకటే: "నొక్కకురా, అదే తింటాది." తర్వాత సన్నని ఉలి. ఒకవైపే ఏటవాలుగా నూరి, చదును వైపు కింది రేకుకు ఆనించి చిన్న దెబ్బ వేస్తే పై రేకు టప్పున లేస్తుంది. లేవకపోతే ఎత్తి పెకలించకూడదు, బిట్టు మళ్లీ పెట్టి ఇంకో చుట్టు తిప్పాలి.

వేగం సంగతి చాలామంది పట్టించుకోరు. మెత్తని ఉక్కు మీద 8 మిల్లీమీటర్ల బిట్టుకు నిమిషానికి సుమారు 1,000 చుట్లు చాలు. చిన్న చేతి డ్రిల్లులు చాలా వరకు 2,500 దాటి తిరుగుతాయి. బిట్టు నీలం రంగుకు తిరిగి మొండిబారాక మేస్త్రీ బిట్టును తిడతాడు. స్పీడు తగ్గించగల డ్రిల్లు, రెండు చుక్కల నూనె ఉంటే ఆ తిట్లు తప్పుతాయి. డబ్బులు పెట్టగల వర్క్‌షాపుల్లో గాలితో నడిచే క్లాంపు డ్రిల్లు ఉంటుంది. దాని కొక్కెం రేకు అంచును వెనక నుంచి పట్టుకుంటుంది, లోతు మరతో ముందే కట్టేస్తారు. గొప్ప పనిముట్టే, కానీ అంచు వెనక కొక్కెం దూరే చోటుండాలి.

చోటు లేనప్పుడేమిటి? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఊళ్లో వేలాది చెట్లు కూలాయి. వాటి కింద పడి ఎన్నో కార్ల రూఫులు కుంగిపోయాయి. రూఫు స్పాట్లు రెండు పక్కలా సన్నని గట్టరులో వరసగా ఉంటాయి, అక్కడ కొక్కెం పట్టదు. బిట్టు పెట్టి చేతి ఒడుపుతో తియ్యాలి, లేదా పది మిల్లీమీటర్ల పట్టీ తిరిగే బెల్ట్ సాండర్‌తో నల్ల వలయం కనిపించేదాకా పై రేకును అరగదియ్యాలి. గట్టరు కింది రేకుకు కన్నం పడితే ఆ తర్వాతి వానకే నీళ్లు లోపలికి దిగుతాయి.

కొత్త కార్లలో ముందు, వెనక తలుపుల మధ్య నిలబడే బి-పిల్లర్ దగ్గర ఈ బిట్లేవీ పనికిరావు. అక్కడ చాలా మోడళ్లలో వాడేది బోరాన్ ఉక్కు. దాదాపు 900 డిగ్రీలకు కాల్చి, అచ్చులో నొక్కి, అచ్చులోనే చల్లబరిచినది. బలం 1,500 మెగాపాస్కళ్ల దాకా, అంటే మామూలు బాడీ రేకుకు నాలుగైదు రెట్లు. దానికి కార్బైడ్ బిట్టు కావాలి. కార్బైడ్ గట్టిది, కానీ పెళుసు. చేతి డ్రిల్లులో కొంచెం ఒరిగితే పుటుక్కుమంటుంది కాబట్టి క్లాంపు డ్రిల్లులోనే పెట్టాలి. లేకపోతే బెల్ట్ సాండరే దిక్కు. గ్యాస్ కట్టరు పెడితే మాత్రం ఆ ఉక్కు తన బలమే పోగొట్టుకుంటుంది. గ్యాసుతో కోసి ఉలితో పీకే పాత పద్ధతి త్వరగా అవుతుందనే మాట నిజమే. వాడకూడదన్నదీ నిజమే.

ఇంత జాగ్రత్త ఎందుకంటే సముద్రం పక్కనున్న ఊరు మనది. ఉప్పుగాలికి ఒక్క కన్నం చాలు, రన్నింగ్ బోర్డు డబ్బా లోపలి నుంచి తినుకుంటూ వస్తుంది. కొత్త ప్యానల్‌కు బెజ్జాలు పెట్టి, కలిసే ముఖాలకు జింకు ప్రైమరు పూసి, సీఓటూ వెల్డింగుతో ఆ బెజ్జాలు నింపుతారు. ఆ వెల్డింగు నిలబడేది కింద మిగిలిన రేకు మీదే.

మీ కారు ప్యానల్ మార్చే పని పడితే, పాతది తీసిన తర్వాత, కొత్తది ఎక్కించే ముందు ఒక్కసారి పిలిచి చూపించమనండి. మిగిలిన అంచు మీద మెరిసే గుండ్రటి మచ్చలుంటే పని బాగున్నట్టు. అవతలి వెలుతురు కనిపిస్తే, ఆ కన్నాలు పూడ్చాకే కొత్తది ఎక్కించమని అక్కడే చెప్పండి.