పోలీసు శబ్దము – అర్థవిచారము

నల్లగొండ, పాలమూరు సీమల వృద్ధులు తమ వయస్సును దెలుపునపుడు 'పోలీసుచర్యకు ముందు', 'పోలీసుచర్య తరువాత' అని లెక్కించుట కలదు. దీనిని 'రక్షకభటచర్య' యని తెనిగించుట సమంజసముగాదు. 1948 సెప్టెంబరు 13వ తేదీన నిజాము సంస్థానమున బ్రవేశించినవారు రక్షకభటులుగారు, సైనికులు. అట్లయిన నిచట పోలీసుశబ్దమున కర్థమేమి?

గ్రీకుభాషలో 'పోలిస్' అనగా పురము. 'పొలితేయా' యనగా పురపాలనావ్యవస్థ. ఇది లాటినున 'పొలీతియా'యై, ఫ్రెంచిలో 'పోలీస్' అయి, యటనుండి యాంగ్లమున జేరెను. రాజ్యనీతివాచకమగు 'పాలసీ' దీని తోబుట్టువే. బీమాపత్రమునకు వాడు 'పాలసీ' మాత్రము వేఱు, దానికి మూలము ఇటాలియను 'పోలిజ్జా'. 'పురేశ' శబ్దమే పోలీసైనదని యెవ్వరైన ననినచో నదియు ధ్వనిసామ్యభ్రాంతియే. సంస్కృత 'పుర్' శబ్దము 'పోలిస్'నకు జ్ఞాతి యగునుగాని జనకము గాదు.

పూర్వమీ శబ్దమునకు ప్రజాపాలన యను విశాలార్థముండెను. 18వ శతాబ్దిలో ఆడమ్ స్మిత్ తన యుపన్యాసములలో నగరశుభ్రతను, సరకుల చౌకదనమును గూడ దీనియందే చేర్చెను. పిదప శాంతిరక్షకదళమునకు రూఢమయ్యెను. ఆంగ్లమున సమూహవాచకమైన దానిని మనము 'ఒక పోలీసు' అని వ్యక్తివాచకముగ జేసికొంటిమి. అయినను నిజాముకాలపు గ్రామములలో బూర్వార్థచ్ఛాయ నిలిచియుండెను: శిస్తు వసూలు మాలీపటేలుది, శాంతిరక్షణము పోలీసుపటేలుది. ఇచట పోలీసనగా వ్యక్తిగాదు, అధికారము.

1948 ఆగస్టులో హైదరాబాదు తన వివాదమును ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి నివేదించెను. దండయాత్రను యుద్ధమనినచో రెండు రాజ్యములున్నవని యొప్పుకొన్నట్లగును. పోలీసుచర్య యనినచో దన యింట దాను శాంతి నెలకొల్పుకొన్నట్లగును. సైన్యము పెట్టుకొన్న పేరు 'ఆపరేషన్ పోలో'. లోకమునకు జెప్పిన పేరు పోలీసుచర్య. ఇట్లు పేరే వాదమయ్యెను.

సెప్టెంబరు 17న నిజాము లొంగెను. కాని నల్లగొండసీమలో రైతుల సాయుధపోరాటము 1951 అక్టోబరువఱకు సాగెను. దాని నణచుటకు బటాలములును నిలిచెను. కావున నచటివారికీ పదము రజాకార్ల పీడ తొలగిన యూరటను, పిదప వచ్చిన భయమును గూడ స్ఫురింపజేయును.

ఈ సమాసము పంకజశబ్దమువలె యోగరూఢము. అవయవార్థముచే మాత్రమే తెలియదు. నిఘంటుకర్తలు దీనిని బ్రత్యేకపదముగ గ్రహించి, యీ రెండర్థములను నమోదు చేయవలెను. ఆ యర్థముల నెఱిగిన వృద్ధు లిపుడు కొలదిమందియే మిగిలియున్నారు.