కబురు రాని తండా

2025 ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డి జిల్లాను వాన ముంచేసింది. రాజంపేట మండలం ఆర్గొండలో ఒక్కరోజులోనే 40 సెంటీమీటర్లకు పైగా పడింది. కామారెడ్డిలో కాలనీలు మునిగాయి, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఎల్లారెడ్డి వైపు పోచారం ప్రాజెక్టు మీది నుంచి నీళ్లు దుమికాయి. కట్ట మాత్రం నిలబడింది. ఆ రెండు రోజులూ మన ఫోన్లు వీడియోలతో నిండిపోయాయి.

ఆపదలో ఇలాంటి పోస్టులను చూసి ఎక్కడ సాయం కావాలో కనిపెట్టవచ్చని అంటున్నారు. అది నిజమే. 2010 జనవరిలో హైతీలో భూకంపం వచ్చినప్పుడు, 4636 అనే నంబరుకు జనం తమ క్రియోల్ భాషలోనే సందేశాలు పంపారు. పరదేశాల్లో ఉన్న హైతీవాళ్లు వాటిని అనువదించారు, ఏ వీధి నుంచి వచ్చాయో పటంలో గుర్తించారు. ఇంటి భాషలో చెప్పిన కబురు అలా సాయం చేసేవాళ్లకు చేరింది.

మన పోస్టులను ఈ కొలతతో చూస్తే లోపం మనకే తెలుస్తుంది. 'మా తండా మునుగుతోంది, అందరికీ పంపండి' అని రాసి వదిలేస్తాం. ఏ తండా? ఒకే పేరుతో రెండు మూడు మండలాల్లో తండాలుంటాయి. వీడియో ఎప్పటిది? ఎంతమంది చిక్కుకున్నారు? ఇవి లేని పోస్టు వెయ్యిమందికి చేరినా పడవను దారి తప్పిస్తుంది. పాత వీడియో అయితే ఇంకా చేటు.

అంతకన్నా పెద్ద లోపం ఇంకొకటి ఉంది. పోస్టులు ఎక్కువ వచ్చిన చోటే ఆపద ఎక్కువని అనుకోవడం. పట్టణంలో మేడ మీద నిలబడి వీడియో తీయగలరు. వాగు అవతల తండాలో కరెంటు పోతే ఫోను ఆగిపోతుంది, సిగ్నలూ ఉండదు. గోర్‌బోలి తప్ప వేరే మాట రాని అవ్వ పోస్టు రాయదు. అందరికన్నా కష్టంలో ఉన్నవాళ్లే ఆ లెక్కలోకి రారు.

అందుకే బడిలో ఈ పని చేయిద్దాం. పిల్లలతో మండలంలోని తండాలు, గూడేల పట్టిక రాయిద్దాం. పక్కన దాటాల్సిన వాగు, దగ్గరి గుర్తు, ఫోను ఉన్న ఇద్దరి పేర్లు ఉండాలి. కబురు పంపితే ఊరు, మండలం, తేదీ, సమయం, మనుషుల లెక్క చెప్పాలి. రాయలేనివాళ్లు తమ భాషలో మాట రికార్డు చేసి పంపితే యువకులు తెలుగులో రాయాలి. ముందు 112కు ఫోను చేయాలి, పోస్టు ఆ తరువాతే.

వాన రోజున ఏ తండా నుంచి కబురు రాకపోతే పట్టికలో 'క్షేమం' అని రాయొద్దు. 'తెలియదు' అని రాద్దాం. ముందుగా అక్కడికే మనిషిని పంపమని అధికారులను అడుగుదాం.