వేణువాదనమున ఊపిరియు, సాహిత్యమును

త్యాగరాజ ఆరాధన దినములలో పిల్లలచేత కచేరీలు చేయించుట మన సంఘములలో చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. అట్టి యొక సభలో పదునాలుగేండ్ల బాలుడొకడు వేణువు వాయింపగా వింటిని. వ్రేళ్లు చురుకైనవి. శ్రుతి చెడలేదు. చిట్టస్వరములు రెండవ కాలమున సయితము తడబడలేదు. సభ కరతాళధ్వనులతో మ్రోగినది. నా మనస్సు మాత్రము కుదురుపడలేదు. పల్లవిలో అతడు ఊపిరి తీసిన ప్రతిచోటను ఒక తెలుగుమాట రెండుగా విరిగినది. కచేరి ముగిసిన పిదప దగ్గరకు పిలిచి, "నాయనా, ఈ పల్లవికి అర్థమేమి?" అని యడిగితిని. "స్వరమే నేర్చుకొన్నానండీ తాతగారూ, మాటలు తెలియవు" అని నిజము చెప్పెను. ఇంటిలో తెలుగు మాటలాడు పిల్లవాడే; బడి చదువు వేరొక భాషలో.

ఇది ఆ బాలుని దోషమనలేను. వేణువు మాటలాడదు గనుక వాదకునకు సాహిత్యముతో పనిలేదను తలంపు మనలో చాలమందికి గలదు. నా అభిప్రాయము దీనికి పూర్తిగా విరుద్ధము. వీణకు ఊపిరి అక్కరలేదు. వయొలిన్ వాయించువారు కమానును త్రిప్పునపుడు నాదము తెగకుండ చూచుకొనగలరు. బెంగుళూరున పుట్టి విశాఖపట్టణమున పెరిగిన ద్వారం వేంకటస్వామినాయుడుగారి (1893-1964) కమాను పనితనమును ఇప్పటికిని పెద్దలు తలచుకొనుచునే యున్నారు. వేణువున ఊపిరి తీసినచోట నాదము తెగియే తీరును. గాయకునకు మాట నోటనే యున్నది. దానిని విరిచినచో తన చెవికే తప్పు తెలియును. వేణువాదకునకు ఆ కాపుదల లేదు. కావున సాహిత్యజ్ఞానము గాయకునకంటె అతనికే ఎక్కువ యవసరము.

కర్ణాటక సంగీతమున వేణువు గాత్రమునకు చేరువైన కథ మిక్కిలి పాతది కాదు. కుంభకోణమున నుండిన శరభశాస్త్రిగారు (1872-1904) చూపు లేనివారై యుండియు ఈ వాద్యమునకు కచేరీలో ప్రధానస్థానము సంపాదించిరి. వారి శిష్యులు పల్లడం సంజీవరావుగారు (1882-1962) ఆ గౌరవమును నిలిపిరి. తరువాత మాలి యని ప్రసిద్ధులైన టి. ఆర్. మహాలింగంగారు (1926-1986) ఊదు తీరును, వ్రేళ్ల అమరికను మార్చి, గాత్రగమకములను వేణువుపై పలికించిరి. మాలి శిష్యులలో ఎన్. రమణిగారు (1934-2015) పొడుగు వేణువును మన కచేరీలలోనికి తెచ్చి మంద్రమునకు నిండుదనము కలిగించిరి. గమకము విషయమున ఇంతటి కృషి జరిగినది. మాట విషయమున నాకు ముందుగా తలపునకు వచ్చువారు టి. విశ్వనాథన్‌గారు (1927-2002). వీణ ధనమ్మాళ్‌గారి మనుమలైన వీరు కచేరీలలో నడుమనడుమ వేణువును దించి ఆ కృతినే నోట పాడి, మరల వేణువు నెత్తెడివారు. వీరిది తమిళ కుటుంబము. తెలుగు పదములను ప్రాణప్రదముగా కాపాడిన యిల్లు. తెలుగు మాతృభాషగా గల మన పిల్లలు మాటలు తెలియక వాయించుచుండగా ఈ యిల్లు నాకు జ్ఞప్తికి వచ్చి కొంచెము సిగ్గు కలుగును.

ఇక సాధనమాట. ఉదయమున తంబురశ్రుతితో పై రెండు రంధ్రములు మూసి షడ్జమును నిలుపవలెను. బలముగా ఊదినకొలది స్వరము పైకి పోవును. ఊపిరి సన్నగిల్లినకొలది క్రిందికి జారును. మొదటినుండి తుదివరకు స్వరము కదలకుండ, నాదము మాత్రము పెరిగి తరుగునట్లు ఊదుట నేర్చిననాడు పెదవి వశమైనదని చెప్పవచ్చును. చలివేళ వేణువును కొంతసేపు ఊది వెచ్చపరచిన పిమ్మటనే తంబురను సరిచూచుకొనవలెను. వెదురు చల్లగా నున్నపుడు శ్రుతి తగ్గియుండును. వ్రేళ్ల సంగతి అందరు గురువులును చెప్పుదురు. ఒక్కమాట చాలును. శుద్ధరిషభమువంటి స్వరములకు రంధ్రమును సగము మూయవలసి యుండును గనుక మాయామాళవగౌళ సరళీస్వరములు వేణువుపై కంఠమునకున్నంత సులభములు కావు. వాటిని తొందరగా దాటించు తల్లిదండ్రులు తరువాత చింతింతురు.

ఊపిరి బలపడిన పిదపనే అసలు చిక్కు. ఎంతసేపు ఊపిరి నిలుపగలమను పందెము పిల్లలలో నున్నది. సభలో పెద్దలు సయితము దీర్ఘస్వరమునకు చప్పట్లు కొట్టి ఆ పందెమును ప్రోత్సహింతురు. ఊపిరి చాలినంతవరకు ఊది, చాలనిచోట తీయువాడు ఎక్కడ తీయునో అతనికే తెలియదు. 'కరుణాసముద్రుడు' అను సమాసము వచ్చినదనుకొందము. 'కరుణా' తరువాత కొంచెము తెరపి యిచ్చినను అర్థము నిలుచును. 'కరుణాసము' అని ఆగి 'ద్రుడు' అని యెత్తుకొన్నచో తెలుగు తెలిసిన శ్రోతకు అన్నములో రాయి తగిలినట్లుండును. వాగ్గేయకారుడే రాగసౌందర్యముకొరకు మాటను సాగదీసి విరిచిన చోటులు లేకపోలేదు. అచట ఆయన నడక ననుసరించుటే ధర్మము. మనము స్వంతముగా క్రొత్త విరుపులు చేర్చరాదు.

స్వరపుస్తకములు కూడ ఇందుకు కొంత కారణము. వానిలో తాళమున కనుగుణముగా అక్షరములను విడదీసి స్వరముల క్రింద అచ్చు వేయుదురు. ఏ మాట ఎక్కడ ముగిసెనో కంటికి కనబడదు. తమిళలిపిలో క, ఖ, గ, ఘ లకు ఒకే యక్షరము. ఆ భేదము తెలుపుటకు కొందరు అంకెలు చేర్చి అచ్చు వేయుదురు. వేణువుపై కకారమునకును గకారమునకును భేదము వినబడదు గనుక ఆ చిక్కు మనకు బాధకము కాదు. పదముల హద్దు తెలియకపోవుటయే బాధకము.

కావున నేను చెప్పు పద్ధతి యిది. కృతిని స్వరముతో నేర్చుటకు ముందు సాహిత్యమును తెలుగులిపిలో, మాటకు మాట విడదీసి, పిల్లవాడే స్వహస్తముతో వ్రాసుకొనవలెను. అర్థమును ఇంటి పెద్దలనడిగి ప్రక్కన వ్రాసుకొనవలెను. తాళము వేయుచు ఆ మాటలను ముందు చదివి, పిదప పాడి, ఊపిరి తీయదగినచోట ఎఱ్ఱసిరాతో గీత గీయవలెను. అప్పుడే వేణువు చేత బట్టవలెను. సంగతులు పెరిగినకొలది గీతలు మారును. ఒక్కొక్క సంగతికి వేరువేరుగా గుర్తించుకొనుట మంచిది. నాలుకతో 'తు' యని తాకు తాడనము హల్లు మొదలగుచోట చాలును. ద్విత్వాక్షరము వచ్చినచో కొంచెము గట్టిగా తాకవచ్చును. ఒకే అచ్చుపై సాగు గమకమున నాలుక కదలరాదు, పని వ్రేళ్లది. ఈ నియమమును పాటింపక ప్రతి స్వరమును నాలుకతో పొడుచుటచేతనే మన పిల్లల వేణువు కొన్నివేళల ఈలవలె వినబడుచున్నది.

పోటీలు జరుపు మన సంఘములకు ఒక విన్నపము. వేణువుపోటీలో కృతి వాయించుటకు ముందు దాని సాహిత్యమును ఆ బాలునిచేత చదివింపవలెను. ఇది సంగీతపరీక్షయా, తెలుగుపరీక్షయా యని యాక్షేపించువారు నాకు ముందే తటస్థపడినారు. రాగతాళములకు మార్కులు తగ్గింపనక్కరలేదు. చదివిన పిదప ఆ మాటలు వేణువున నిలిచినవో లేదో వినిన చాలును.

పైని చెప్పిన బాలుడు రెండునెలలకు నోటుపుస్తకముతో మాయింటికి వచ్చెను. పల్లవి, అనుపల్లవి చక్కగా వ్రాసినాడు. ఒత్తులు రెండుచోట్ల తప్పినవి. వాయింపుమంటిని. పల్లవి గీతల ప్రకారము సాగినది. చరణమున మూడవ పాదమువద్ద ఊపిరి చాలక మరల నడిమాటలో ఆగి నావంక చూచెను. ఆ గీతను రెండక్షరములు ముందునకు జరిపితిమి.