ఎదుటివాడి మాట వినే నటులు

‘మాయాబజార్’ చూడని తెలుగువాళ్లు తక్కువ. అందులో బలరాముడు హస్తినాపురం వెళ్లే ఘట్టాన్ని మాత్రం ఈసారి కాస్త నిదానంగా చూడమని అడుగుతాను. పాండవులకు జరిగిన అన్యాయం గురించి కౌరవుల్ని నిలదీయాలని ఆయన కోపంతో బయలుదేరి వెళతాడు. దుర్యోధనుడూ శకునీ లేని వినయం తెచ్చిపెట్టుకుని, మర్యాదలు చేసి, పొగిడి, ఆ కోపాన్ని చల్లార్చి, చివరికి శశిరేఖను లక్ష్మణకుమారుడికి ఇస్తానన్న మాట ఆయన నోటే అనిపిస్తారు. ఎన్టీఆర్, అక్కినేని, సావిత్రి, ఎస్వీ రంగారావు ఉన్న సినిమాలో కథంతా మలుపు తిరిగేది ఇక్కడ. ఈ మలుపును మోసింది మాత్రం పోస్టరు మీద చిన్నగా కనిపించే మొహాలు. బలరాముడు గుమ్మడి వెంకటేశ్వరరావు, ఊరు తెనాలి దగ్గర రావికంపాడు. దుర్యోధనుడు ముక్కామల కృష్ణమూర్తి, గురజాల. శకుని సి.యస్.ఆర్. ఆంజనేయులు, నరసరావుపేట. అదే సినిమాలో కర్ణుడి వేషం కట్టిన మిక్కిలినేని రాధాకృష్ణమూర్తిది లింగాయపాలెం. నలుగురూ అప్పటి గుంటూరు జిల్లా వాళ్లే.

ఇది యాదృచ్ఛికమని నేను అనుకోను. కృష్ణ దక్షిణపు ఒడ్డు నుంచి మా సింగరాయకొండ దాకా పరుచుకున్న ఈ పత్తి, మిరప, పొగాకు నేలల్లో నాటకం ఒక వ్యసనం. పంట చేతికొచ్చాక తిరునాళ్లో, నవమి పందిట్లో పద్యనాటకం పడకపోతే ఆ ఏడు ఏదో వెలితిగానే ఉండేది. స్థానం నరసింహారావుది బాపట్ల. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో పుట్టింది తెనాలిలో. మా జిల్లాకు పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులు కూడా ఒంగోలులో కుర్రవాడిగా ఉన్నప్పుడు ఆడవేషాలు కట్టినవాడే. ఇక తెనాలి, బాపట్ల, చీరాల, ఒంగోలు, సింగరాయకొండ, కావలి, నెల్లూరు, ఇవన్నీ ఒకే రైలు దారి మీద ఉన్నాయి. ఆ దారి చివర మద్రాసు, అక్కడ స్టూడియోలు. నాటకాల వాళ్లు ఏ రైలెక్కి పక్క ఊరి పందిరికి వెళ్లేవారో, అదే రైల్లో మరికొంచెం ముందుకు వెళితే సినిమా.

ఇలా వెళ్లినవాళ్లంతా హీరోలు కాలేదు. తండ్రి, అన్న, మంత్రి, జమీందారు, మేనమామ, గురువు, ద్రోహి, ఈ వేషాల్లో స్థిరపడ్డారు. వాళ్లను మనం క్యారెక్టర్ ఆర్టిస్టులు అన్నాం. హీరోకు అభిమాన సంఘాలు పెట్టాం, వీళ్లకు పెట్టలేదు. కానీ నటన నేర్చుకోదలచిన కుర్రవాడు ముందు చూడవలసింది వీళ్లనే అని నేను గట్టిగా చెబుతాను. ఎందుకో చెప్పాలంటే మళ్లీ పందిట్లోకే వెళ్లాలి.

కంట్రాక్టు నాటకాల రోజుల్లో ఒక పద్ధతి ఉండేది. కంట్రాక్టరు పేరున్న కృష్ణుణ్ణి ఒక ఊరి నుంచి, దుర్యోధనుణ్ణి ఇంకో ఊరి నుంచి, ద్రౌపదిని మరో ఊరి నుంచి పిలిపించేవాడు. రిహార్సలు లేదు. పొద్దువాలే వేళకు రైలు దిగి, రంగు పూసుకుని, స్టేజీ ఎక్కడమే. తిరుపతి వెంకటకవుల ఉద్యోగవిజయాలు అందరికీ నోటికి వచ్చు కాబట్టి మాటలకు ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా ఎదుటివాడితోనే. అతను పద్యాన్ని ఏ రాగంలో ఎత్తుకుంటాడో, ఎంతసేపు ఆలాపన చేస్తాడో, వన్స్‌మోర్ పడితే మళ్లీ ఎక్కణ్ణుంచి అందుకుంటాడో ముందుగా ఎవరికీ తెలియదు. పడకసీనులో కృష్ణుడు ఒక పద్యాన్ని సాగదీసి పాడుతుంటే అర్జునుడూ దుర్యోధనుడూ ఏం చేయాలి? బొమ్మల్లా కూర్చుంటే జనం ఊరుకోరు. మరీ కదిలితే పద్యం చెడుతుంది. అప్పటిదాకా ఒక్కసారి కూడా కలిసి ఆడని మనిషి గొంతును చెవులు రిక్కించి విని, ఆ మాట తనకు ఎక్కడ తగిలిందో మొహం మీద చూపించి, పద్యం ముగిసే క్షణానికి తన మాటతో సిద్ధంగా ఉండాలి. రాత్రంతా ఇదే పని. ఇన్ని రాత్రులు ఇలా గడిపినవాడికి వినడం అలవాటైపోతుంది.

ఈ చదువులో రెండో పాఠం ఊపిరి. మైకులు రాకముందు ఆఖరి వరసలో చాప మీద కూర్చున్న ముసలమ్మకు కూడా మాట చేరాలి. ఒక సమాసాన్ని మధ్యలో విరవకుండా, ఒత్తు జారకుండా, అర్థం దగ్గరే ఆగుతూ పలకాలి. దానికి గట్టిగా అరవడం ఒక్కటే సరిపోదు. పొట్టలో నుంచి గాలి తీసి కొంచెం కొంచెంగా ఖర్చుపెట్టడం తెలియాలి. అందుకే ఆ తరం నటులు ఎంత మెల్లగా మాట్లాడినా అక్షరం మింగినట్టు వినిపించదు.

ఈ గొంతులు స్టూడియోకు వెళ్లేసరికి పరిస్థితి తలకిందులైంది. మైకు తలకు కాస్త పైనే వేలాడుతుంటుంది. కెమెరా మొహానికి దగ్గరగా ఉంటుంది. ఆఖరి వరస లేదు. స్టేజీ మీద గొప్పవాళ్లనిపించుకున్న చాలామంది ఇక్కడే తేలిపోయారు. చెయ్యి అంత ఎత్తున ఊపనక్కరలేదని, కనుబొమ కదిలితే చాలని వాళ్ల ఒళ్లు నమ్మలేదు. నమ్మి, గొంతు తగ్గించి, ఉచ్చారణను మాత్రం తగ్గించకుండా ఉంచుకున్నవాళ్లు నిలిచారు. అందరిలోకి ఆ సర్దుబాటును సంపూర్ణంగా సాధించింది గుమ్మడి అని నా అభిప్రాయం.

ఆయన 1927లో పుట్టారు. చదువుకునే రోజుల్లోనే ‘పేదరైతు’ నాటకంలో వృద్ధుడి వేషం వేశారు. 1950లో ‘అదృష్టదీపుడు’తో సినిమాల్లోకి వచ్చారు. 1955లో పి. పుల్లయ్య ‘అర్ధాంగి’లో జమీందారు, అక్కినేనికి తండ్రి. అసలు లెక్క చూస్తే అక్కినేని కన్నా ఆయన దాదాపు మూడేళ్లు చిన్న. ఎన్టీఆర్ కన్నా నాలుగేళ్లు చిన్న. ఆ ఇద్దరికీ తండ్రిగా, అన్నగా, పెద్దదిక్కుగా ఆయన దశాబ్దాల పాటు కనిపిస్తే ప్రేక్షకుడికి ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. నెరిసిన విగ్గు పెడితే ముసలితనం రాదు. గుమ్మడి ముసలివాళ్లను చూడండి. ఎవరైనా పిలిస్తే తల ఒక్కటే తిరగదు, భుజాలతో సహా తిరుగుతారు. కూర్చునే ముందు చెయ్యి కుర్చీని వెతుక్కుంటుంది. ప్రశ్నకు జవాబు వెంటనే రాదు, అర క్షణం ఆలస్యంగా వస్తుంది. ఆ అర క్షణంలో మనకు ఒక జీవితం కనిపిస్తుంది. వణికే గొంతు, దగ్గు, నడుం పట్టుకోవడం వంటి పాత స్టేజీ గుర్తులను ఆయన చాలా పొదుపుగా వాడారు.

ఇప్పుడు మళ్లీ హస్తినాపురానికి వద్దాం. ఆ ఘట్టంలో మాటలన్నీ దాదాపుగా ముక్కామలవీ సి.యస్.ఆర్.వీ. పొగిడేది వాళ్లు. గుమ్మడి పని ఆ పొగడ్త వినడం. కోపంగా వచ్చిన మనిషి ఒక్కసారిగా మెత్తబడితే బలరాముడు వట్టి వెర్రివాడైపోతాడు, తర్వాత కథంతా తేలికైపోతుంది. అలా కాకుండా మొదటి మాటకు మొహం బిగిసే ఉంటుంది. తర్వాతి మాటకు చూపు మాత్రం మెత్తబడుతుంది. ఆపైన పెదవి మీదికి నవ్వు రాబోయి పెద్దరికం గుర్తొచ్చి ఆగుతుంది. తనను గౌరవించినవాళ్లకు తాను మాట ఇవ్వడం ధర్మమేనని ఆయనకు నమ్మకం కుదిరే దాకా మనం ఆయన వెంటే నడుస్తాం. సినిమా విడుదలైన నాటికి ఆ నటుడికి ముప్పై ఏళ్లు నిండలేదు.

అదే ఘట్టంలో సి.యస్.ఆర్.ని చూస్తే ఇంకో తరహా పనితనం. ఆయన సినిమాలకు ముందే స్టేజీ మీద పేరున్న నటుడు, గాయకుడు. శకునిగా ఆయన గొంతు పెంచరు. మాట చివర్లో ఒక చిన్న సాగదీత, కంటి కొసలో ఒక మెరుపు, అంతే. సినిమా చివర్లో సత్యపీఠం ఎక్కిన శకుని తన కుట్రంతా తానే బయటపెడతాడు. నటుడికి అది కఠినమైన పరీక్ష. నోరు నిజం చెబుతోంది, మనిషి మాత్రం ఇంకా శకునే. మారుమనసు పొందినట్టు పలికితే తప్పు, మామూలుగా పలికినా తప్పు. లోపల దాచుకున్నది తనంతట తానే పొంగుకొస్తున్నట్టు, దాన్ని ఆపలేని స్థితిలో కూడా దాని రుచి తెలిసినవాడిలా సి.యస్.ఆర్. పలికారు.

తొమ్మిదేళ్ల తర్వాత, 1966లో, ‘శ్రీకృష్ణపాండవీయం’లో అదే శకుని వేషం దాచేపల్లి నుంచి వచ్చిన ధూళిపాళ సీతారామశాస్త్రికి దక్కింది. ధూళిపాళ అప్పటికే ‘భీష్మ’, ‘నర్తనశాల’ల్లో దుర్యోధనుడు. ఎన్టీఆర్ దర్శకత్వం వహించిన ఈ సినిమాలో శకుని కథ వేరు. చెరలో చనిపోయిన తండ్రి ఎముకలతో పాచికలు చేసుకుని, కౌరవుల పక్కనే ఉండి వాళ్ల వంశాన్నే కూల్చాలని పగబట్టిన మనిషి. ధూళిపాళ సి.యస్.ఆర్.ని అనుకరించలేదు. ఆయన శకుని నవ్వులో సరదా లేదు. మాటను పళ్ల మధ్య నూరి బయటికి పంపినట్టు పలుకుతారు. పద్యనాటకంలో ఒక్కో అక్షరానికీ బరువు ఇవ్వడం నేర్చిన నోటికే అది చేతనవుతుంది. రెండు శకునుల్నీ ఒకదాని వెంట ఒకటి చూస్తే ఒకే బడిలో చదివిన ఇద్దరు ఎంత వేరుగా ఆలోచించగలరో తెలుస్తుంది.

ఇలాంటి బడి మన ఒక్కరికే లేదు. బ్రిటన్‌లో ఆ కాలంలోనే ఊరూరా రెపర్టరీ కంపెనీలు ఉండేవి. చాలా చోట్ల వారానికో కొత్త నాటకం. ఈ వారం పూజారి, వచ్చే వారం దొంగ. సాయంత్రం ఒక నాటకం ఆడుతూ పగలు మరో నాటకం వల్లెవేయాలి. అక్కడి సినిమాల్లో చిన్న వేషాలు అంత నిండుగా ఉండటానికి ఇలాంటి స్టేజీ సాధనే కారణం. నాటక రచయిత, నటుడు మైల్స్ మాలెసన్ మంచి ఉదాహరణ. 1940 నాటి ‘ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్’కు రచనలో చెయ్యి వేసి, అందులోనే ఆటబొమ్మల పిచ్చి ఉన్న సుల్తాను వేషం వేశారు. మన మైసూరు ప్రాంతపు సాబూ నటించిన సినిమా అది. 1949 నాటి ‘కైండ్ హార్ట్స్ అండ్ కొరోనెట్స్’లో ఆయన తలారి. తెర మీద ఉండేది కొద్ది నిమిషాలు. ఒక డ్యూకును ఉరితీసే అవకాశం వచ్చినందుకు మురిసిపోయే ఆ తలారిని చూసినవాళ్లు మరిచిపోలేరు. మాలెసన్‌కూ గుమ్మడికీ పోలిక వెతకడం నా ఉద్దేశం కాదు. ఇద్దరి వెనకా ఉన్నది స్టేజీయే అని చెప్పడమే.

గుమ్మడికి పేరుకు తగ్గ పెద్ద వేషం 1962లో వచ్చింది. ‘మహామంత్రి తిమ్మరుసు’. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం, ఎన్టీఆర్ కృష్ణదేవరాయలు. చరిత్రలో రాయలు 1515లో కొండవీడు గెలుచుకున్నాక ఆ సీమ వ్యవహారాలు చక్కబెట్టినవాడు తిమ్మరుసు. కొండవీడు గుంటూరుకు దగ్గర్లోనే. ఆ నేల మనిషే ఆ మంత్రి వేషం కట్టడం నాకు ఎప్పుడూ తృప్తినిచ్చే విషయం. సినిమాలో రాయల్ని కొడుకులా పెంచిన అప్పాజీ, చివరికి చెయ్యని నేరానికి అదే రాయల ఆజ్ఞతో కళ్లు పోగొట్టుకుంటాడు. సినిమా నటుడికి కళ్లే ప్రధానమంటారు. అవి తీసేస్తే ఇక మిగిలేది చెవి, గొంతు. అలికిడి వైపు కొంచెం వంగే మెడ, వచ్చినవాడు ఎవరో గుర్తుపట్టాక సడలే దవడ, ఎంత బాధలోనూ అక్షరం చెదరని మాట. పందిట్లో నేర్చిన విద్య అంతా అక్కడ ఒక్కసారిగా పనికొచ్చింది.

కొంగర జగ్గయ్య గురించి చెప్పకపోతే ఈ ప్రాంతం కథ సగమే అవుతుంది. తెనాలి దగ్గర మోరంపూడిలో పుట్టి, ఆకాశవాణిలో వార్తలు చదివి, సినిమాల్లో హీరోగా, విలన్‌గా, తండ్రిగా అన్ని వేషాలూ వేశారు. శివాజీ గణేశన్ తమిళ సినిమాలు తెలుగులోకి వచ్చినప్పుడు వినిపించింది ఆయన గొంతే. ఠాగూర్ ‘గీతాంజలి’ని ‘రవీంద్రగీత’గా అనువదించారు. 1967లో ఒంగోలు నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఇన్నిటి మధ్య నాకు ముఖ్యంగా తోచేది 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’లో ఆయన వేసిన రూథర్‌ఫర్డ్ వేషం. అప్పటిదాకా మన సినిమాల్లో తెల్లదొర అంటే వంకర తెలుగు మాట్లాడి నవ్వు తెప్పించే మనిషి. జగ్గయ్య ఆ దారిన పోలేదు. తన కంచు కంఠంతో, తన సహజమైన ఉచ్చారణతోనే మాట్లాడి, దొరతనాన్ని నిటారుగా నిలబడే వెన్నులో, తొందర లేని చూపులో పెట్టారు. చివర్లో రాజు ఆవేశంగా మాట్లాడుతుంటే రూథర్‌ఫర్డ్ వింటాడు. శత్రువు మాటను తీసిపారేయకుండా, లోపల దానికి విలువ ఇస్తూనే తుపాకీ ఎత్తే మనిషిలా వింటాడు. ఎదుట నిలిచినవాడు అంత గట్టివాడు కాబట్టే కృష్ణ వేసిన రాజు అంత ఎత్తుకు లేచాడు.

ఆ పందిళ్లలో ఆడినవాళ్లలో ఎక్కువమంది మద్రాసు చేరలేదు. వాళ్ల గొంతులు ఏ రీలులోనూ లేవు. మిక్కిలినేని వాళ్లను మరిచిపోలేదు. ప్రజానాట్యమండలిలో పనిచేసి సినిమాల్లోకి వెళ్లిన ఆయన, రాజుగా, కర్ణుడిగా, ధర్మరాజుగా వేషాలు కడుతూనే వందలాది రంగస్థల కళాకారుల జీవితాలు సేకరించి ‘నటరత్నాలు’ పేరుతో రాశారు. ఎవరిది ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ పాత్రకు పేరు పడ్డారు, అన్నీ అందులో ఉన్నాయి. తిరునాళ్ల నాటకాల్లో ఫలానా తాత కృష్ణుడు కట్టేవాడట అని చెప్పుకునే ఇళ్లు ఈ నేల మీద ఇంకా చాలా ఉన్నాయి. ఆ తాత పేరు కోసం వెతకాలనుకునేవాళ్లు మొదట తెరవవలసిన పుస్తకం అదే.